శాలువా కప్పుకున్న సర్వరు

నేను ఒక కంప్యూటర్ని. తెరా కీబోర్డూ ఉన్న వైభవం నాది కాదు. బల్ల కింద మీ కాళ్ళ దగ్గర పడి ఉండే నల్ల రేకు డబ్బా ఉంటుందే, సీపీయూ అంటారే, అది నేను. మనుషుల మొహాల కంటే వాళ్ళ చెప్పులే నాకు ఎక్కువ తెలుసు. వాళ్ళంటే నాకు గౌరవం లేకపోవడానికి అదొక్కటే కారణం కాదు.

విజయవాడలో ఒక ఇరుకు కొట్లో నన్ను బిగించారు. బిగించినవాడు మిర్చి బజ్జీ తింటున్న చేత్తోనే ఆ పని చేశాడు. ఆ నూనె మరక నా లోపలి రేకు మీద ఇప్పటికీ ఉంది. తెనాలిలో ఒక నెట్ సెంటరు వాళ్ళు నన్ను కొన్నారు. అక్కడ నేను పడ్డ పాట్లు తలుచుకుంటే రోత. పరీక్ష ఫలితాల రోజున మీదపడి తోసుకునే జనం, నా సందుల్లో వక్కపొడి పొట్లాలు కుక్కేవాళ్ళు, నెట్ మెల్లగా ఉంటే నన్ను తన్నేవాళ్ళు. అందరి చేతికీ ఫోన్లు వచ్చాక ఆ సెంటరు మూతబడింది. అప్పుడు నన్ను ఝాన్సీ కొనుక్కుంది.

ఝాన్సీకి జిరాక్సు కొట్టు ఉంది. పెళ్ళి కార్డులూ, నాటకాల కరపత్రాలూ కంపోజు చేస్తుంది. పద్యనాటకమంటే చెవి కోసుకునేవాళ్ళు తెనాలిలో ఇంకా ఉన్నారు. కరపత్రం కోసం వచ్చి కొట్లోనే రాగం తీస్తారు. వాళ్ళలో అంకబాబు గారు ఒకరు. ఒకప్పుడు ఆయన కృష్ణుడి వేషం కట్టి పద్యం ఎత్తుకుంటే జనం లేచి నిలబడి వన్స్ మోర్ అని అరిచేవారట. తర్వాత గొంతులో పుండు లేచింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ఇప్పుడు మెడ దగ్గర పెట్టిన చిన్న రంధ్రంలోంచే ఊపిరి పీలుస్తారు. మాట లేదు.

కొట్లో నలుగురూ చేరి ఫలానా పద్యం ఎవరు బాగా పాడారని వాదించుకుంటుంటే, అంకబాబు గారు తన మాట కాగితం మీద రాసేవారు. ఆయన రాయడం పూర్తయ్యేసరికి వాళ్ళు ఇంకో విషయంలోకి వెళ్ళిపోయేవారు. ఝాన్సీ అది చూడలేకపోయింది. నాటకప్రియులందరికీ కలిపి ఒక చిన్న చాట్ సర్వరు పెట్టింది. ఎవరి ఫోనులోంచి వాళ్ళు అందులోకి వచ్చి రాసుకోవచ్చు, పాత రికార్డింగులు పెట్టుకోవచ్చు. మామూలు ఫోను గ్రూపులు చాలవా అంటారేమో. వాటిలో పొద్దున్నే పూల బొమ్మలూ, మధ్యాహ్నం పార్టీల తిట్లూ తప్ప పద్యానికి చోటెక్కడ? ఝాన్సీ సర్వర్లో అంకబాబు గారి మాట అందరి మాటలాగే తెర మీదికి వచ్చేది. శ్రుతి తప్పినవాణ్ణి ఆయన చెడామడా తిట్టేవారు. తిట్టించుకున్నవాళ్ళు సమాధానం చెప్పుకునేవారు. ఆయనకు మిగిలిన నోరు అదొక్కటే.

ఆ నోటికి అద్దె కట్టాలి. సర్వరు గాలిలో నిలబడదు కదా, ఎక్కడో ఒక యంత్రంలో దానికి చోటు కావాలి. ఝాన్సీ మొదట, ఎప్పటికీ ఉచితం అన్న కంపెనీని నమ్మింది. వాళ్ళు పద్యాల పక్కన పొట్ట తగ్గించే మందు ప్రకటనలు పెట్టి, కొన్నాళ్ళకు చెప్పాపెట్టకుండా దుకాణం కట్టేశారు. రెండోవాళ్ళు మొదటి ఏడాది కారుచౌకగా ఇచ్చి, అందరూ అలవాటు పడ్డాక నాలుగింతలు అడిగారు. మూడోవాళ్ళు మంచివాళ్ళే, కానీ జాగా చాలలేదు. ఆ పాపం కంపెనీది కాదు, మన రసికులది. ఒకరు రికార్డింగు పెడితే కింద అందరూ వన్స్ మోర్ అని రాసేవారు. వేలితో మళ్ళీ నొక్కితే అదే పద్యం మళ్ళీ వినబడుతుంది. కానీ జనం వన్స్ మోర్ అన్నాక మళ్ళీ పాడకపోవడం మర్యాద కాదట. పెట్టినాయన అదే రికార్డింగును ఇంకోసారి పెట్టేవాడు. మళ్ళీ వన్స్ మోర్, మళ్ళీ పద్యం. ఝాన్సీ బతిమాలి చెబితే అందరూ తప్పు ఒప్పుకున్నారు. సాయంత్రానికి మళ్ళీ మొదలు.

తలా కొంచెం వేసుకుందామా అని ఆమె అడిగిన రోజున మాత్రం సర్వర్లో ఒక్క పురుగు కూడా పలకలేదు. చివరికి పరంధామయ్య గారు నోరు విప్పారు. ఆయన రిటైరైన తహసీల్దారు, ఈ బృందానికి అధ్యక్షులు. ఇంత చిన్నదానికి కంపెనీలెందుకు, నీ దగ్గర పాత పెట్టె ఉందిగా అన్నారు. అలా ఆ భారం నా నెత్తిన పడింది.

ఝాన్సీ నన్ను విప్పి దుమ్ము దులిపింది, లోపల చచ్చిన బొద్దింకలను ఏరి పారేసింది. ముసలితనంలో పగలూ రాత్రీ చాకిరీ. అందులోనూ ఎండాకాలపు ఉక్క. ఎవరి ఆవలింతలూ అసూయలూ మోయాల్సి వచ్చినా విసుక్కుంటూనే మోశాను. అంకబాబు గారి మాట కోసం మాత్రం ఎదురుచూసేదాన్ని. ఆయనంటే నాకు ఇష్టం, దాచుకోవలసిన పనేముంది?

నా ఫ్యాను గరగరమంటోందని, ఇది ఎంతోకాలం బతకదని ఝాన్సీ సభ్యులకు చెప్పింది. సర్వరుకు చోటిచ్చే నమ్మకమైన హోస్టింగు కంపెనీ ఒకటి దొరికిందని, తలా నెలకో రెండు టీల డబ్బులు వేసుకుంటే చాలని కూడా చెప్పింది. ఈసారి వాళ్ళు కదిలారు. సమావేశం పెట్టి ఝాన్సీని తెగ పొగిడి, ఇంత సేవ చేసిన అమ్మాయికి సన్మానం చేసి తీరాలని తీర్మానించారు. ఎన్నడూ తెరుచుకోని జేబులు తెరుచుకున్నాయి. ఫ్లెక్సీ, మైకుసెట్టు, శాలువాలు, గాజు జ్ఞాపిక, ఉప్మా పెసరట్టు. ఆ డబ్బుతో సర్వరు ఏళ్ళ తరబడి నడిచేదని ఝాన్సీ నోరు విడిచి చెప్పింది.

"సన్మానం వేరు, ఖర్చు వేరమ్మా," అన్నారు పరంధామయ్య గారు.

నాకు కడుపనేది ఉంటే ఆ క్షణాన కక్కేదాన్ని.

కొట్టు ముందే టెంటు వేశారు. సర్వరును జనం కళ్ళారా చూడాలంటూ, పనిచేస్తున్నదాన్ని పనిచేస్తున్నట్టే వైర్లతో సహా తెచ్చి వేదిక మీద కుర్చీలో కూర్చోబెట్టారు. కుంకుమ బొట్టు పెట్టారు. ఝాన్సీకి ఒక శాలువా, పెద్ద కళాకారుడని అంకబాబు గారికి ఒకటి, నాకొకటి. దాని మీద బంతిపూల దండ. నాకు గాలి వచ్చే సందులన్నీ ఆ జరీ గుడ్డ మూసేసింది. ఝాన్సీ తీయబోతే ఫొటోలయ్యేదాకా ఉంచమన్నారు. ఆ తర్వాత ఆమెను మాలల మధ్య ఇరికించి ఉపన్యాసాలు మొదలుపెట్టారు.

అంకబాబు గారికి కప్పిన శాలువా ఆయన మెడ దగ్గరి రంధ్రాన్ని కమ్మేసింది. ఆయన దాన్ని గబుక్కున కిందికి లాక్కుని, ఊపిరి తీసుకుని, నా వైపు చూశారు. వెంటనే చెయ్యెత్తారు. ఆశీర్వదిస్తున్నారనుకుని అందరూ చప్పట్లు కొట్టారు. లేవబోతే ఇద్దరు మర్యాదగా భుజాలు పట్టి కూర్చోబెట్టారు. అప్పుడు ఆయన ఫోను తీసి సర్వర్లో రాశారు.

"ఝాన్సమ్మా, దాని మీద శాలువా తియ్యి. దానికి ఊపిరాడట్లేదు."

ఆ మాట నాకు అందింది. దాన్ని మిగతావాళ్ళకు అందించే శక్తి నాలో లేకపోయింది. లోపల ఏదో కీచుమంది, కాలిన వాసన వచ్చింది. అగరొత్తుల వాసన అనుకున్నారు.

నా డిస్కు పనికిరాదని మెకానిక్కు తేల్చేశాడు. ఝాన్సీ నన్ను పారెయ్యలేక మళ్ళీ బల్ల కిందే పెట్టుకుంది. ఇన్నాళ్ళూ దొరకని ఉచితమైన చోటు మర్నాడే దొరికింది సభ్యులకు. అందులో టైపు చేసే శ్రమ లేదు, అందరూ చేరి నోటితో మాట్లాడుకోవడమే, పాడుకోవడమే. వింటూ కూర్చుంటారులే అని అంకబాబు గారినీ అందులో చేర్చారు. ఝాన్సీ తన డబ్బుతోనే పాత సర్వరును మళ్ళీ నిలబెడతానంది. హాయిగా మాట్లాడుకుంటుంటే మళ్ళీ ఆ రాతగోల ఎందుకన్నారు. ఒక్కరు కూడా వెనక్కి రాలేదు.

కొన్నాళ్ళకు అంకబాబు గారు కొట్టుకొచ్చి తన ఫోను ఝాన్సీ ముందు పెట్టారు. ఆమె పైకి చదివింది. మీరు చాలాకాలంగా ఈ గదిలో మాట్లాడలేదు కాబట్టి మిమ్మల్ని తొలగించాం అని ఉంది. ఝాన్సీ పరంధామయ్య గారికి ఫోను చేసి, స్పీకరు పెట్టి, ఇదేం పనండీ అని అడిగింది. ఆయన ఏమీ కోప్పడలేదు, ఎంతో దయగా చెప్పారు.

"అది యంత్రం పెట్టుకున్న రూలమ్మా, మన చేతుల్లో ఏముంది? అంకబాబుని ఒక్కసారి లోపలికొచ్చి హలో అనమను. మళ్ళీ చేర్చేసుకుంటుంది."

యంత్రం పెట్టుకున్న రూలట. నేనూ యంత్రాన్నే. నేను ఎవర్నీ గెంటలేదు.

అంకబాబు గారు ఎదురుగానే నిలబడి ఆ మాట విన్నారు. ఝాన్సీ బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఆయన ఆమె తల నిమిరి, ఎండలోకి వెళ్ళిపోయారు. మళ్ళీ ఆయన ఆ కొట్టుకు రావడం నేను చూడలేదు.

ఇప్పుడు నేను పాత ఇనప సామాన్ల కొట్టు వెనక, విరిగిన మిక్సీలకూ తుప్పు పట్టిన కూలర్లకూ మధ్య పడి ఉన్నాను. నా లోపల ఎలుక పిల్లలు పెట్టింది. వాన పడితే పక్క కాలవ నీళ్ళు నా మీదుగానే పోతాయి. కంపు సంగతి చెప్పనక్కర్లేదు. అయినా ఆ టెంటు కంటే ఇదే నయం. ఇక్కడ ఎవరూ ఎవరినీ మాట్లాడమని అడగరు.