రెండో తాళంచెవి

గడియారం పది కొట్టేసరికి మిషనమ్మ కుట్టు ఆపి, మిషను పక్కన మేకుకు వేలాడుతున్న తాళంచెవి తీసుకుని మేడమెట్లు ఎక్కేది. పైవాటాలో అద్దెకుండే కండక్టరమ్మ పొద్దున్నే బస్సు డ్యూటీకి పోయేది. ఆమె కూతురు తొమ్మిదికల్లా బడికి పోయేది. ఎవరూ లేని ఆ ఇంటి తలుపు తీసి మిషనమ్మ ఒక చుట్టు చుట్టి వచ్చేది. కారే కుళాయి బిగించేది. మరిచిపోయిన లైటు ఆర్పేది. పాలగిన్నె మీద మూత జారి ఉంటే సర్దేది. మళ్ళీ తాళం వేసి, మోకాళ్ళు పట్టుకుని కిందికి దిగేది. ఇందులో తప్పేముందని మీరూ అనుకోవచ్చు. ఆమె కూడా పదకొండేళ్ళు అలాగే అనుకుంది.

మిషనమ్మ అంటే కుట్టుమిషను మిషనమ్మ. అసలు పేరు ఆమెకే గుర్తుండేది కాదేమో. ముప్పై ఏళ్ళు జాకెట్లు, గౌన్లు, స్కూలు యూనిఫారాలు కుట్టి ఆ మేడ నిలబెట్టింది. మేస్త్రీ గోడ లేపి పోతే, రెండు పూటలా బిందెలు మోసి ఆ గోడను తడిపింది తనే. "ఏ ఇటుక ఏ జాకెట్టుదో చెప్పమంటే చెబుతా" అని నవ్వేది. అలాంటి మనిషికి ఇంటి మీద గర్వం ఉండదా మరి? పైగా ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళ అవస్థ ఇంతా అంతా కాదు. మోటారు కాలితే ఓనరు, సింకు నిండితే ఓనరు, పక్కింటి పిల్లి మెట్ల మీద ఈనినా ఓనరమ్మే రావాలి.

అద్దెకు వచ్చేవాళ్ళకు ఆమె పెట్టే షరతులు రెండే. గోడకు మేకు కొట్టకూడదు. రెండో తాళంచెవి తన దగ్గరే ఉండాలి. ఆ ఇల్లు మొత్తానికి ఒకే ఒక్క మేకు ఉండేది. అది ఆ తాళంచెవి కోసం.

ఇంత మంచి ఇంట్లో ఎవరూ రెండేళ్ళు దాటి ఉండేవారు కాదు. ఎందుకు పోతున్నారో ఎవరూ చెప్పేవారు కాదు. "కాలం అలా ఉంది" అనుకునేది మిషనమ్మ. కండక్టరమ్మ మీద మాత్రం ఆమెకు ఆశ ఉండేది. నవ్వుమొహం, శుభ్రం, మాట మీద నిలబడే మనిషి. వీళ్ళు పోకుండా ఉంటే చాలు అనుకునేది.

ఒకరోజు అలాగే పైకి వెళ్ళింది. తలుపు వెనకాల పిల్ల రెండో జత యూనిఫారం వేలాడుతోంది. పావడా అంచు ఊడి జారుతోంది, చొక్కాకు బొత్తం లేదు. కుట్టేవాళ్ళ కళ్ళు ఊరుకుంటాయా? ఆమె ఆ బట్టలు కిందికి తెచ్చి, అంచు మడిచి చేతికుట్టు వేసి, బొత్తం బిగించి, యథాస్థానంలో తగిలించి వచ్చింది. కుట్టు చివర మూడు ముళ్ళు వేయడం ఆమె అలవాటు. "పెళ్ళిలో వేసిన ముళ్ళయినా వదులవుతాయేమో గానీ నావి వదలవు" అనేది.

మర్నాడు సాయంత్రం కండక్టరమ్మ కిందికి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"పిన్నిగారూ, నెలాఖరుకి ఖాళీ చేస్తాం."

మిషనమ్మ చేతిలో కత్తెర ఆగిపోయింది. "అదేంటమ్మాయ్! నీళ్ళు చాలట్లేదా? సింకు మళ్ళీ కారుతోందా? రంగులు వేయించమంటే రేపే వేయిస్తా."

"ఇంటికేం వంక లేదండీ. బంగారంలాంటి ఇల్లు."

"మరి వంక నాకేనా?"

కండక్టరమ్మ రోజుకు నాలుగువందల మందికి జవాబు చెప్పే మనిషి. మాట కోసం వెతుక్కోవడం ఆమె ఎరగదు. ఆ సాయంత్రం వెతుక్కుంది. చివరికి చేతిలోని యూనిఫారం మిషను మీద పరిచింది.

"ఈ కుట్టు ఎవరిది పిన్నిగారూ?"

మిషనమ్మ ముఖం వెలిగింది. "నాదే! చూశావా ముళ్ళు? బట్ట చిరగాలి గానీ అది ఊడదు."

"నిన్న ఈ బట్టలు నా గదిలో ఉన్నాయండీ. నేను తాళం వేసుకుని పోయాను."

"అయితే? నేనేమన్నా దొంగనా?"

"దొంగయితే కేకలేసేదాన్ని. మీరు కాబట్టే ఇన్నాళ్ళూ నోరు రాలేదు. బస్సులో పొద్దస్తమానం నన్ను తోసుకుంటూ పోయేవాళ్ళే. ఇంటికొచ్చి తలుపేసుకుంటే ఆ కాస్త చోటైనా నాదనుకుంటాను. వచ్చి చూస్తే పాలగిన్నె మీద మూత మారి ఉంటుంది. మా పిల్ల బట్టలు మార్చుకోవాలంటే తలుపుకి కుర్చీ అడ్డం పెడుతోంది, ఎప్పుడు ఎవరు తీస్తారో అని. చిరిగింది మావే కదండీ. మేమే కుట్టుకుంటాం, లేదంటే తెచ్చి మిమ్మల్ని అడుగుతాం."

అలా అని యూనిఫారం మడత పెట్టుకుని వెళ్ళిపోయింది.

మిషనమ్మకు ముందు కోపం వచ్చింది. మంచికి పోతే చెడు ఎదురైందని గొణుక్కుంది. మిషను తొక్కబోతే దారం తెగింది. మళ్ళీ ఎక్కిస్తే మళ్ళీ తెగింది. చెవిలో ఒకటే మాట తిరుగుతోంది. మూత.

పెళ్ళైన కొత్తలో ఆమె కూడా అద్దింట్లోనే ఉండేది. ఆ ఇంటావిడ వేళాపాళా లేకుండా లోపలికొచ్చి, పొయ్యి మీది గిన్నెల మూతలు తీసి చూసేది. "ఏం వండావ్?" అనేది నవ్వుతూనే. ఒకరోజు ఆ గిన్నెలో వట్టి గంజి ఉంది. ఆ సిగ్గు మింగలేక, ఆ పూటే మిషనమ్మ పంతం పట్టింది: నా గిన్నె మూత నేనే తీసుకునే ఇల్లు కట్టుకుంటాను. అన్నట్టే కట్టింది. కట్టి, మరొకరి గిన్నె మూత మీద చెయ్యి వేసింది. నిన్నటి కోడలే నేటి అత్త అంటే ఇదే కదా!

మర్నాడు పది కొట్టింది. అలవాటు కొద్దీ చెయ్యి మేకు మీదికి పోయింది. వెనక్కి తీసుకుంది. సాయంత్రం కండక్టరమ్మ వచ్చాక పైకి వెళ్ళి, తీసే ఉన్న తలుపును కూడా తట్టింది.

"ఇదిగో తాళంచెవి. నా దగ్గర ఇంకోటి లేదు, ఒట్టు. ఉంటావో పోతావో నీ ఇష్టం. పోతే మాత్రం, నీ తర్వాత వచ్చేవాళ్ళ చేతిలో నువ్వే పెట్టి పో. నా చేతికిస్తే మళ్ళీ బుద్ధి వంకరపోతుందేమో."

కండక్టరమ్మ నవ్వాపుకుంటూ, "సరే, నెలాఖరు దాకా చూద్దాం లెండి" అంది.

పది రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం కత్తిరిస్తున్న బట్ట మీద చుక్క పడింది. తలెత్తితే శ్లాబు చెమ్మగిల్లి కారుతోంది. పైన ఏదో కుళాయి కట్టకుండా పోయారు. కబురంపితే కుళాయిల మేస్త్రీ పరుగున వచ్చాడు. "తాళం పగలగొట్టేద్దాం మిషనమ్మగారూ. మీ ఇల్లే కదా!"

"ఇల్లు నాదే. తాళం నాది కాదు" అంది మిషనమ్మ.

"అబ్బో! గోడకు మేకు కొడితే తన ఒంటికి గుచ్చుకున్నట్టు గింజుకునే మనిషేనా!"

ఆమె మిషను పక్కకు జరిపి, కింద బకెట్టు పెట్టి, మోకాళ్ళ నొప్పితో బయటి మెట్ల మీదుగా డాబా ఎక్కి ట్యాంకు వాల్వు కట్టేసింది. తర్వాత ఫోను చేసింది. అవతల బస్సు రొద. కండక్టరమ్మ ఆ రొదలోనే అరిచింది. "అయ్యో! నేనొచ్చేసరికి రెండు గంటలు పడుతుంది. మీ శ్లాబు పాడైపోతుంది. తాళం పగలగొట్టేయండి పిన్నిగారూ!"

"నువ్వు లేకుండా నీ ఇంట్లో నాకేం పని? వాల్వు కట్టేశా. నిదానంగా రా."

ఆ రెండు గంటలూ పైన నిలిచిన నీరు ఇంకి ఇంకి కారుతూనే ఉంది. మిషనమ్మ బకెట్టు పక్కనే కూర్చుని చేతికుట్టు వేసుకుంది. కండక్టరమ్మ యూనిఫారంతోనే పరిగెత్తుకొచ్చి ఆ మరకను, ఆ బకెట్టును, ఆమెను గుమ్మంలోంచే ఒక్కొక్కటిగా చూసింది. పైకి వెళ్ళి నీళ్ళు తోడి, మళ్ళీ వచ్చి, రెండో తాళంచెవిని మిషను పక్కన మేకుకు తనే తగిలించింది.

"ఇదేంటి?" అంది మిషనమ్మ.

"ఇప్పుడు నేనిస్తున్నాను కదండీ. అవసరమైతే ఒక ఫోను చేసి తీయండి. మేమెక్కడికీ పోవట్లేదు."

ఏడేళ్ళయింది. వాళ్ళు అక్కడే ఉన్నారు. చాటంత పెద్ద మరక ఆ శ్లాబు మీద అలాగే ఉంది. ఇంటికి రెండుసార్లు రంగులు వేయించినా, ఆ మరక మీద మాత్రం మిషనమ్మ బ్రష్షు పెట్టనివ్వలేదు. ఎదురింటివాళ్ళు కొత్తగా వాటా అద్దెకిస్తూ, "మీకు అనుభవం ఉంది, రెండు ముక్కలు చెప్పండి" అని వస్తే, తలెత్తి ఆ మరకనే చూపించింది.

"నా ఇంటికి అందం అది" అంది, ఇటుకల గురించి చెప్పేటప్పటికన్నా ఎక్కువ గర్వంగా. "గోడలు కట్టినవాళ్ళవే తల్లీ, ఎవరూ కాదనరు. తలుపు మాత్రం లోపల ఉండేవాళ్ళది. తట్టి, వాళ్ళు రమ్మంటేనే అడుగు పెట్టాలి."