రెండో వాళ్ళ చీటీ

బ్రెడ్డు కవరు ఒకటి ఉంటే చాలు, ఇంగేం అక్కర్లేదు. బిడ్డ ఎడమ చెయ్యిని, మోచేయి పైదాకా ఉండే పిండికట్టుతో సహా, ఆ కవర్లోకి దూర్చి, పైన జడకేసే రబ్బరుబ్యాండు రెండు చుట్లు తిప్పి, "పైకెత్తి పట్టుకో బంగారూ, దించొద్దు" అని చెప్పి, మిగతా ఒళ్ళంతా గబగబా నీళ్ళు పోసెయ్యాల. పదిహేను రోజుల్నించి ప్రసన్నకుమారికి పొద్దున్నే ఇదే పని. ఈ రోజు ఇంగా ముందే, నాలుగున్నరకే బిడ్డను లేపింది. అయిదున్నరకి కారు వస్తాది, కారెక్కితే హైదరాబాదు పక్కనుండే పెద్ద పార్కు, రోలర్ కోస్టరు, నీళ్ళల్లో అలలు, జెయింటు వీలు, అన్నీ.

"అమ్మా, చెయ్యి గుంజుతాంది, దించేదా?" అనింది స్తుతి. దానికి అయిదేండ్లు.

"దించితే తడుస్తాది. ఇంగ రవ్వంత సేపే."

నిజం చెప్పాలంటే ప్రసన్నకు ఆ చెయ్యిని చూస్తే కుళ్ళు. కన్నబిడ్డ విరిగిన చెయ్యి మీద కుళ్ళుకునే తల్లి యాడైనా ఉంటాదా అంటే, ఉండాది, కర్నూల్లో, మూడో అంతస్తు ఇంట్లో, బాత్రూములో పీట మీద కూచోని బిడ్డ వీపు రుద్దుతా ఉండాది. డాక్టరు కాగితం మీద "ఆరు వారాలు ఈ చేత్తో ఏ పనీ చేయించొద్దు" అని రాసి, కింద సంతకం పెట్టి, ముద్ర కూడా కొట్టిచ్చినాడు. ముద్ర! అంతే, ఆ చెయ్యి రాణి అయిపోయింది. పాస్టరమ్మ వచ్చి కట్టు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసిపోయింది. కింది వాటాలోని గుల్జార్ బీ రెండుసార్లు సేమియా పంపించింది. ఎప్పుడూ బిడ్డకు పెన్సిలు కూడా చెక్కియ్యని జయపాల్, బిడ్డ నాయన, ఆ కట్టు మీద స్కెచ్చుపెన్నుతో నెమలిని గీసినాడు. మరి ప్రసన్న చేతులకు ఎవురు రాసిచ్చినారు? ల్యాబులో పొద్దన్నుంచి సాయంత్రం దాకా ఊళ్ళోవాళ్ళ చేతులు పట్టుకోవడమే పని, "చెయ్యి చాపండి, పిడికిలి బిగించండి, అయిపోయింది" అంటా. ఇంటికొస్తే గిన్నెలు, బట్టలు, పిండి. ఆరు వారాలు వద్దు ప్రభువా, ఆరు గంటలు ఇప్పించు చాలు అని, పాస్టరమ్మ ప్రార్థన చేసిన రోజు అందరూ కళ్ళు మూసుకోని ఉంటే, ఆమె లోపల అడుక్కుంది.

బిడ్డ పడింది కూడా జయపాల్ ఇంట్లో ఉన్నప్పుడే. ఆయన సెల్లులో మ్యాచి చూస్తాంటే స్తుతి మంచం మీద నుంచి కిటికీ ఎక్కబోయి కిందపడింది. ప్రసన్న డ్యూటీలో ఉండాది. అయినా బద్వేలు నుంచి దిగిన అత్త విశ్వాసమ్మ గడప కూడా దాటకముందే అన్న మాట, "నువ్వు ఇంట్లో ఉండింటే పడేదా బిడ్డ?" ల్యాబు ఇంచార్జి ఇంగో రకం. "ఏం ప్రసన్నా, ఒకసారి పాపకు జ్వరమంటావ్, ఒకసారి పాపకు దెబ్బంటావ్, జీతం నీకిచ్చేదా పాపకిచ్చేదా?" అని అందరి ముందర నవ్వినాడు, మిగతావాళ్ళు కూడా నవ్వినారు, ప్రసన్న కూడా నవ్వింది. అదే కదా ఇంగా మంట.

పార్కు టికెట్లు నెల ముందే తీసినారు, వెనక్కి ఇయ్యరంట. అందుకే కట్టుతోనే ప్రయాణం. జయపాల్, ఆయన తల్లి విశ్వాసమ్మ, బెంగళూరులో ఉద్యోగం చేసే ఆయన చెల్లెలు కృపారాణి, ప్రసన్న, స్తుతి. ప్రసన్నకు ఈ పార్కు మీద ఆశ ఈనాటిది కాదు. ల్యాబు కోర్సు చదివేటప్పుడు క్లాసంతా పోయొచ్చింది, వాళ్ళ నాయన "ఆడపిల్లకు అరుపులు కేకలు ఏంటికి" అని పంపలేదు. పోయొచ్చినోళ్ళు వారం రోజులు రోలర్ కోస్టరు గురించే చెప్పినారు, పైనుంచి కిందికి వచ్చేటప్పుడు గొంతులోనుంచి అరుపు దానంతటదే వస్తాదని. దానంతటదే వచ్చే అరుపు! ఆపితే ఆగదంట. అట్ల ఒక్కసారి అరవాల, అంతే ఆమె కోరిక. పన్నెండేండ్లయింది.

కార్లో అందరికీ ఉగ్గాని, బజ్జీలు. మూడున్నరకు లేచి బొరుగులు నానబెట్టి, పుట్నాలపప్పు పొడి కొట్టి, రెండు డబ్బాలకు నింపింది. జడ్చర్ల దాటినాక ఒక డబ్బా అయిపోయింది. రెండోది మధ్యాహ్నానికి. పార్కు గేటు కాడ సంచి తెరిచి చూసి "బయటి తిండి లోపలికి తేకూడదు మేడం" అని ఆ డబ్బాను బయట అరలో పెట్టించినారు. "ముందే కనుక్కోవద్దా ప్రసన్నా?" అన్నాడు జయపాల్. టికెట్లు తీసింది ఆయన. టికెట్టు కిందనే రాసి ఉండాది.

రోలర్ కోస్టరు కాడ గేటులో ఉన్న అమ్మాయి స్తుతి కట్టును చూసింది. "పాపకి ఎత్తు చాలదు, పైగా చేతికి దెబ్బ. అమ్మానాన్నల్లో ఒకరు పాప దగ్గర ఉండండి, ఒకరు లైన్లో వెళ్ళిరండి. ఇదిగోండి, ఇది రెండో వాళ్ళ చీటీ. మొదటివాళ్ళు దిగి రాగానే రెండో వాళ్ళు లైను లేకుండా ఈ పక్క గేటులోంచి వెళ్ళిపోవచ్చు. ప్రతి రైడు దగ్గరా ఇస్తారు" అని పచ్చ చీటీ ఒకటి చేతిలో పెట్టింది. భలే ఏర్పాటు అనుకుంది ప్రసన్న. మొదటోళ్ళు ఎవురు, రెండో వాళ్ళు ఎవురు అని ఎవురూ అడగలేదు. జయపాల్ అప్పటికే చెప్పులిప్పి, వాచీ, సెల్లు, పర్సు ఆమె ఒళ్ళో పెట్టేసినాడు.

ఆమె బెంచీ మీద కూచుంది. ఒక పక్క స్తుతి, ఇంగో పక్క విశ్వాసమ్మ, కాళ్ళకాడ చెప్పులు. గంటకు పైనే పట్టింది జయపాల్, కృపారాణి ఎక్కేదానికి. దిగినాక కృపారాణి జుట్టంతా రేగిపోయి, కళ్ళల్లో నీళ్ళు, నవ్వుతానే పరిగెత్తుకోని వచ్చింది. "అన్నా, ఇంగోసారి, ఇంగోసారి!"

"ప్రసన్నా, ఆ చీటీ ఇటీ," అన్నాడు జయపాల్. "నీకెట్లాగూ తల తిరుగుతాది గదా."

ఎప్పుడు తిరిగింది? స్తుతి కడుపులో ఉన్నప్పుడు తిరిగింది, అంతే. అది ఆయన మనసులో అట్లనే నిలబడిపోయింది. కృపారాణి పాపం ఆగింది. "లేదన్నా, వదినను పోనీ. వదినా, నువ్వు పో, నేను పాపను చూసుకుంటా."

"నీకేం తెలుసే బిడ్డను పట్టుకునేది," అనింది విశ్వాసమ్మ. "కట్టుకు తగిలిందంటే మళ్ళీ మొదటికొస్తాది. తల్లి ఉండాల్సిందే."

"వద్దులే కృపా, నువ్వే పో," అనింది ప్రసన్న. ఆమె అనలేదు, ఆమె నోరు అనింది. ఆ "వద్దులే" ఎప్పుడూ అంతే, ఆమెను అడక్కుండానే బయటికొచ్చేస్తాది. చికెన్ ముక్క ఇంగోటి వేసుకో అంటే వద్దులే. చీర తీసుకో అంటే వద్దులే. కృపారాణి రెండు చేతులూ జీన్సు జేబుల్లో పెట్టుకోని పక్క గేటులోంచి పోతాంటే వెనకనుంచి చూసి, ఆ జేబుల మీద కూడా కుళ్ళుకుంది. చేతులు పెట్టుకునేదానికి ఒక జాగా ఉండాది ఆ పిల్లకు.

జెయింటు వీలు కాడ అంతే. గుండ్రంగా తిరిగే పడవ కాడ కూడా అంతే. చీటీ వస్తాది, ఆమె చేతిలో చెమటకు మెత్తబడతాది, జయపాల్ దిగొస్తాడు, చీటీ చెల్లెలికి పోతాది. మధ్యలో స్తుతిని బొమ్మ రైలు ఎక్కించింది, జ్యూసు తాగించింది, కట్టు లోపల దురద అంటే పిన్ను పెట్టకుండా పైనుంచి తట్టి ఊదింది. ఒకసారి జయపాల్ బిడ్డను భుజాల మీద ఎక్కించుకోని పది అడుగులు నడిచినాడో లేదో, పక్కన పోయే పెద్దామె ఆగి, "ఎంత మంచి తండ్రో చూడు, దెబ్బ తగిలిన బిడ్డను నేల మీద కాలు పెట్టనియ్యకుండా!" అనింది. పది అడుగులకు అంత పేరు.

ఇట్ల కూచోనికూచోని ఆమెకు ఒకటి తెలిసొచ్చింది, తెలిసి ఆమే ఆశ్చర్యపోయింది. ఆమె రైడు వైపు చూడ్డం మానేసి శానా సేపయింది. లైను వైపు చూస్తాంది. ఆ ఇనుప కమ్మీల మధ్య మెలికలు తిరిగిన పెద్ద లైను, గంట, గంటన్నర, అందరూ విసుక్కుంటా ఉండారు, ఆవలిస్తా ఉండారు. ఎర్ర చుడీదారు వేసుకున్న ఆమె ఒకతి, తన వయసే ఉంటాది, కమ్మీకి ఆనుకోని యాడికో చూస్తాంది. చేతిలో ఏమీ లేదు. ఎవురూ ఆమెను పిలవడం లేదు. అమ్మా అనరు, వదినా అనరు, ప్రసన్నా ఆ చీటీ ఇటీ అనరు. రోలర్ కోస్టరు మీద ఉన్నవాళ్ళ మీద కూడా లేనంత కుళ్ళు ఆ చుడీదారు ఆమె మీద పుట్టింది. గంటన్నర ఊరికినే నిలబడాలంట! నిలబడేదానికి కూడా పెట్టిపుట్టాల!

మూడున్నరకు మళ్ళీ రోలర్ కోస్టరు కాడికే వచ్చినారు. విశ్వాసమ్మ కాళ్ళు పీకుతాయని అలల కొలను పక్కన నీడకు పోయి పండుకుంది. కృపారాణి నీళ్ళల్లోకి దిగింది. జయపాల్ కొత్త చీటీ ప్రసన్నకిచ్చి, లైన్లో నిలబడి, ఎక్కి, దిగి వచ్చినాడు. వెంట లైన్లో పరిచయమైన ఆదోని ఆయన ఒకాయన, ఆయన తమ్ముడు.

"మా తమ్ముడు నీళ్ళకు పోయొచ్చేలోపల జాగా పాయెనప్పా, మళ్ళీ మొదట్నుంచి లైనంట," అన్నాడు ఆదోనాయన. "దుడ్లు పెట్టి వచ్చి నిలబడేకే సరిపాయె."

"అయ్యో, దానికేముందన్నా! మా కాడ చీటీ ఉండాది, ఊరికినే పోతాది," అని జయపాల్ ప్రసన్న వైపు చూడను కూడా చూడకుండా, ఆమె పిడికిట్లోనుంచి చీటీ లాగి ఆ మనిషి చేతిలో పెట్టినాడు.

"శానా మంచి మనిషివప్పా నువ్వు," అన్నాడు ఆదోనాయన. జయపాల్ మొహం వెలిగిపోయింది.

ఊరికినే పోతాది. ప్రసన్న ఆ మాటను నోట్లో వేసుకోని చప్పరించినట్టు ఇంగోసారి అనుకుంది. చెల్లెలికిచ్చినప్పుడు కుళ్ళొచ్చింది, అది ఇంటి మనిషి. ఇప్పుడు ముక్కూ మొహం తెలియని వానికి. ఆమె వంతు ఇచ్చేసి ఆయన మంచోడు అనిపించుకున్నాడు.

ఆమె లేచింది. స్తుతిని ఎత్తి జయపాల్ ఒళ్ళో కూచోబెట్టింది, కట్టున్న చెయ్యి బయటి వైపుకు వచ్చేటట్టు. సంచి పక్కన పెట్టింది. ఆయన వాచీ, సెల్లు, తన సెల్లు కూడా సంచిలోనే వేసింది.

"యాడికమ్మే?"

"లైన్లోకి."

"ఇప్పుడే ఇచ్చేస్తి గదా చీటీ! అడిగింటే ఇచ్చేటోణ్ణి కాదు. ఉండు, ఆ పిల్లనడిగి ఇంగోటి తెస్తా. గంటన్నర నిలబడాలమ్మే ఆడ, పిచ్చా నీకు?"

"రెండో వాళ్ళ చీటీ నాకొద్దప్పా," అనింది ప్రసన్న. "నేను లైన్లోనే పోతా."

ఈసారి నోరు ఆమె చెప్పిందే చెప్పింది. అదే ఆమెకు వింత.

లైన్లో నిలబడింది. మొదట అయిదు నిమిషాలు ఏం చేయాల్నో తెలియలేదు, చేతులు దేనికోసమో తడుముకున్నాయి. తరవాత ఇనుప కమ్మీకి ఆనుకుంది. ఎండ, చెమట వాసన, ముందున్న కాలేజీ పిల్లల కొట్లాట. ఎవురూ పిలవడం లేదు. రెండు మెలికలు దాటింది. అప్పుడు వినపడింది.

"ప్రసన్నా! ఓ ప్రసన్నా! పాపకు ఒంటికొస్తాందంట, రా బిన్నా!"

జయపాల్ బెంచీ కాడ లేచి నిలబడి చెయ్యి ఊపుతాండాడు. స్తుతి కాళ్ళు దగ్గరికి పెట్టుకోని గంతులేస్తాంది. లైనంతా తిరిగి ప్రసన్నను చూసింది. ఆమె కాలు దానంతటదే కదిలింది, కమ్మీ కింద దూరిపోయేదానికి వొంగింది కూడా. వొంగి, ఆగింది.

"నువ్వు తీసుకోని పో!" అని అరిచింది.

"నేనెట్ల పోతానమ్మే, ఆడబిడ్డ!"

"నీ బిడ్డే గదప్పా!"

కాలేజీ పిల్లలు కిసుక్కుమన్నారు. ప్రసన్న నోట్లో ఇంగా శానా ఉండాయి. ఐస్‌క్రీం బండి వెనక తల్లీబిడ్డలకు వేరే బాత్రూము ఉండాది, నాయనలు కూడా పోవచ్చు. కట్టును గోడకు తగలనీవద్దు. ప్యాంటు వెనకనుంచి లాగు, ముందునుంచి లాగితే ఏడుస్తాది. సబ్బు కుడి చేతికే. అన్నీ నాలుక చివరిదాకా వచ్చినాయి. ఒక్కోటి మింగింది, మాత్ర మింగినట్టు. అడిగితే ఎవురైనా చెప్తారు. ఆయనకూ నోరుండాది, కండ్లుండాయి.

జయపాల్ తల్లి కోసం చూసినాడు, చెల్లెలి కోసం చూసినాడు, ఎవురూ లేరు. కోపంగా ప్రసన్నను చూసినాడు. ఇంగ తప్పక సంచి భుజానికేసుకోని, బిడ్డనెత్తుకోని, పోయే ఆమెనెవరినో ఆపి దోవ అడగడం కనపడింది. ఐస్‌క్రీం బండి వైపే తిరిగినారు. ప్రసన్న గుండె దడదడా కొట్టుకుంటాంది, రోలర్ కోస్టరు ఇంగా ఎక్కనే లేదు.

లైను ఒక అడుగు కదిలింది. ఆమె కూడా కదిలింది.

అప్పుడు చూసింది. వాళ్ళు ఖాళీ చేసిన బెంచీ పక్క బెంచీ మీద ఒక పిల్ల, ఇరవై నాలుగేండ్లుంటాయేమో, ఒళ్ళో చంటోడు, కాళ్ళకాడ నాలుగు జతల చెప్పులు, చేతిలో పచ్చ చీటీ. జరిగిందంతా చూసినట్టుంది. రెప్ప కొట్టకుండా ప్రసన్ననే చూస్తాంది, ఎండలో మెరిసే కళ్ళతో, పెదవి బిగబట్టి. ఆ చూపు ఏందో ప్రసన్నకు బాగా తెలుసు. పాపం అనిపించింది, తల పక్కకు తిప్పుకుందామా అనిపించింది. తిప్పుకోలేదు.

కుళ్ళుకోనీ, అనుకుంది. కుళ్ళుకుంటేనే లేస్తాది.