అమావాస్య నాటి రిపేరు

గద్వాలలో చీరలు నేయించే బాలకిష్టయ్య 1996లో కంప్యూటరు కొన్నాడు. అంతవరకు అంచుల డిజైన్లు గళ్ల కాగితం మీద చేత్తో గీసేవారు. కంప్యూటరు మీద గీయడానికి ఇంటర్ చదివిన సయీదాను పెట్టుకున్నాడు.

కొన్నాళ్లకు డిజైన్లలో తప్పు చుక్కలు వచ్చాయి. హంస తోకలో ఒక చుక్క ఎక్కువ పడేది. మళ్లీ అచ్చువేస్తే ఉండేది కాదు. నేతగాడు కురుమూర్తి అలాంటి కాగితం చూసి నేసి, తప్పు తెలిశాక అంచు విప్పుకున్నాడు. బాలకిష్టయ్య నేతగాళ్లందరి ముందు సయీదాను తిట్టాడు. తప్పు తనది కాదని, యంత్రంలోనే ఉందని ఆమె చెప్పింది. వనపర్తి నుంచి మెకానిక్ కరీం రెండుసార్లు వచ్చి చూశాడు. యంత్రం బాగానే ఉందన్నాడు. మూడోసారి పిలిపిస్తూ, ఈసారీ అదే మాట వస్తే పనికి రావద్దని బాలకిష్టయ్య సయీదాకు చెప్పాడు.

మూడోసారి కరీం ఫ్లాపీలోని పరీక్ష ప్రోగ్రాం నడిపాడు. అది మెమరీలో అంకెలు రాసి, తిరిగి చదివి, తేడా ఉంటే ఎర్ర గీత చూపిస్తుంది. సాయంత్రం దాకా గీత రాలేదు. సయీదా సంచి సర్దుకుంది. కరీం టీ తాగుతూ, పక్కన మగ్గాల గదిలో చప్పుడు లేదేమని అడిగాడు.

"ఇయ్యాల అమాస గద. మగ్గం ముట్టరు," అన్నాడు బాలకిష్టయ్య.

ముందు రెండుసార్లూ అమావాస్యకే పిలిపించాడు. మగ్గాలు ఆగిన రోజైతే దగ్గరుండి చూసుకోవచ్చని అతని లెక్క.

ఒక్క మగ్గం నడిపించమని కరీం అడిగాడు. బాలకిష్టయ్య ఒప్పుకోలేదు. కరీం ఆ రాత్రి చుట్టాలింట్లో ఉండిపోయాడు. సయీదాను కూడా పొద్దున రమ్మన్నాడు.

పొద్దున గోడకు అవతల కురుమూర్తి మగ్గం మొదలుపెట్టాడు. కంప్యూటరు టేబులు ఆ గోడకే ఆనించి ఉంది. తెర మీద ఎర్ర గీతలు వచ్చాయి. మగ్గం ఆపిస్తే గీతలు ఆగాయి. కరీం కంప్యూటరు పెట్టె విప్పి, లోపలి రెండు మెమరీ కార్డుల చోట్లు మార్చి చూశాడు. తప్పు కార్డుతో పాటు కదల్లేదు, అదే చోట ఉంది. అక్కడ కార్డును పట్టి ఉంచే కొక్కెం విరిగింది. మగ్గం దెబ్బకు కార్డు అదురుతోంది.

బాలకిష్టయ్య సయీదాను కూర్చుని పని చూసుకోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

"అందరి ముందట అన్నరు సావుకారీ. అందరి ముందటనే చెప్పుండ్రి."

బాలకిష్టయ్య మగ్గాల గదిలోకి వెళ్లి పని ఆపించాడు. తప్పు పిల్లది కాదని, పెట్టెదని చెప్పాడు.

"గంత మెల్లగ చెప్తె ఆ కొసకు ఇనవడదు," అన్నాడు కురుమూర్తి.

నేతగాళ్లు నవ్వారు. బాలకిష్టయ్య గొంతు పెంచి మళ్లీ చెప్పాడు. సయీదా వెళ్లి కుర్చీలో కూర్చుంది.