టక్కుమనే కౌంటరు

ఆటిజం ఉన్న పిల్లలకు శిక్షణ ఇచ్చే ఆ కేంద్రంలో టీచరమ్మ దగ్గర లెక్కంటే లెక్కే. కొలవకుండా పిల్లవాడిని బాగుచేయబోవడం చీకట్లో రాయి విసరడమేనని ఆమె నమ్మకం. అందుకే ఏ పాఠానికైనా ముందు చేతిలో ఇమిడే, నొక్కినప్పుడల్లా ఒక అంకె పెరిగే కౌంటరును ఒకసారి టక్కుమని నొక్కి చూసుకుని, సున్నాకు తిప్పుకుని గానీ కూర్చునేది కాదు.

ఆరేళ్ల బంతి (గుండ్రంగా ఉంటాడని ఇంట్లో పెట్టుకున్న పేరు) తల బాదుకున్నప్పుడల్లా ఆమె దాన్ని నొక్కి లెక్కపెట్టేది. పాఠాలు మార్చింది, బొమ్మలు మార్చింది, బహుమతులు మార్చింది. ఆ దెబ్బల లెక్కతో గీసిన గ్రాఫు మాత్రం పైపైకే పాకింది. అది చూసి డాక్టరు ఇక గట్టి మందు తప్పదన్నాడు. ఆ మందుతో బిడ్డ రోజంతా మగతలో పడి ఉంటాడేమోనని తల్లికి బెంగ.

"మా ఇంట్లో వీడు ఎప్పుడూ కొట్టుకోడు టీచరుగారూ!" అని మొత్తుకుంది.

కాకిపిల్ల కాకికి ముద్దు, అనుకుంది టీచరమ్మ. "అయితే మీరే లెక్కపెట్టి చూడండమ్మా. మందు సంగతి రేపు తేలుద్దాం," అని కౌంటరు చేతిలో పెట్టింది.

మర్నాడు తల్లి పిల్లవాడితో వచ్చింది. కౌంటరును తువ్వాల్లో చుట్టి మరీ తెచ్చింది.

"పనిచేస్తుందో లేదోనని ఒక్కసారి నొక్కానండీ. పక్కనే బుద్ధిగా ఆడుకుంటున్నవాడు ఠపీమని తల బాదుకున్నాడు. లెక్కపెట్టమన్నారు కదా అని మళ్ళీ నొక్కా. మళ్ళీ బాదుకున్నాడు. భయమేసి దీన్ని బీరువాలో పడేశా. కాసేపటికి ఊరుకున్నాడు."

కాదు, కాకూడదు అనుకుంది టీచరమ్మ. కింద బంతి చెక్కముక్కలు పేర్చుకుంటున్నాడు. నిజమో కాదో ఒక్క నొక్కుతో తేలిపోతుంది. తువ్వాలు విప్పి కౌంటరు తీసింది.

బంతి దాన్ని చూశాడు. ఆమె ఇంకా నొక్కనే లేదు, వాడి పిడికిలి తల మీదికి లేచింది.

ఆమె కౌంటరును గబగబా తువ్వాల్లో కుక్కేసింది. ఇన్నాళ్ళూ ఈ పసివాణ్ణి కొట్టింది తానే. ఆ గ్రాఫు తన చేతి నిర్వాకమే.

"ఇన్నాళ్ళలో ఎన్నిసార్లు నొక్కి ఉంటారు టీచరుగారూ?" తల్లి అడిగింది.

ఆ లెక్క టీచరమ్మ దగ్గర పొల్లుపోకుండా ఉంది.