డ్రైవరు బరువు

కారు ముందు మడ్‌గార్డు మీద అరచేతులు రెండూ ఆనించి, ఒంటి బరువంతా వేసి నొక్కి వదిలాడు. కారు దిగింది, లేచింది, అక్కడే నిలిచిపోయింది. రెండో ఊపు లేదు. పోయిన వారం ఇదే కారును ఇలా నొక్కితే మూడుసార్లు తలూపిగానీ ఆగేది కాదు. కొత్త షాక్ అబ్జార్బర్లు బిగించిన చేతులు బాగానే బిగించాయన్నమాట. ఆ చేతుల మనిషి మాత్రం ఆ ఒక్క నొక్కుడుకే గోడకు చేరగిలబడ్డాడు. ఊపిరి అందేదాకా స్పానర్లు సర్దుతున్నట్టు నటించాడు.

ఆ నటన మేనకోడలి కోసం. శనివారం ఒంటిగంట దాటితే షెడ్డులో వాళ్ళిద్దరే ఉంటారు. యజమాని తాళంచెవులు ఇతని చేతిలో పెట్టి భోజనానికి ఇంటికి పోతాడు, మళ్ళీ సోమవారమే రావడం. రేకుల కప్పు, నూనె ఇంకి నల్లబడిన నేల, గోడకు వరసగా వేలాడే పాత స్ప్రింగులు, మూలన చిన్న కిటికీ. ముప్పై ఒక్క ఏళ్ళుగా అతను చూస్తున్న లోకం అంతే.

టాక్సీలవాళ్ళు అతన్ని గుంతల డాక్టరని పిలుస్తారు. రోడ్డు మీది ప్రతి గుంతా చివరికి ఇతని దగ్గరికే వచ్చి పడుతుందని వాళ్ళ వేళాకోళం. వారమంతా సరుకుల వ్యాన్లు, టాక్సీలు, కుయ్యోమంటూ వచ్చేవి, కిక్కురుమనకుండా వెళ్ళేవి. గతుకు తగిలినప్పుడు తిట్టుకోవడానికి మెకానిక్కు గుర్తొస్తాడు గానీ, తగలనప్పుడు ఎవరికి గుర్తొస్తాడు? అతనూ అదేం పట్టించుకోలేదు. నలుగురు నిలబడి మాట్లాడుకుంటుంటే పక్కనే ఉండి కూడా లెక్కలోకి రాని రకం. పెళ్ళి చేసుకోలేదు. చేసుకోకూడదని ఒట్టేమీ పెట్టుకోలేదు, తీరిక లేకపోయిందంతే.

తీరిక లేకుండా చేసింది ఈ మేనకోడలే. అక్క పోయేనాటికి దీనికి తొమ్మిదేళ్ళు. బడికి జడ వేసుకుని వెళ్ళాలని ఏడిస్తే, షెడ్డులో మూడు బ్రేకు తీగలు ముందేసుకుని ఒక రాత్రి, ఒక పగలు అల్లి అల్లి నేర్చుకున్నాడు. మొదటి నెల ఆ జడ ఎంత బిగుతుగా ఉండేదంటే పిల్ల కనుబొమలు పైకి లేచి, ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టే కనిపించేదట. ఇప్పుడు దానికి ముప్పైనాలుగు. డ్రైవింగు స్కూల్లో నేర్పుతుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా పక్క సీట్లో కూర్చుని, కాలు బ్రేకు మీద, ప్రాణం అరచేతిలో పెట్టుకుని, ముప్పై కిలోమీటర్ల వేగం దాటని కారులో ఊరంతా తిరుగుతుంది. నెలకొక ఆదివారం ఊరి బయటి కార్ల పందేల ట్రాక్ తలుపులు మామూలు జనానికి తెరుస్తారు. ఆ ఒక్కరోజు తన కారును దౌడు తీయించి నెల రోజుల కసంతా తీర్చుకుంటుంది.

ఈ కారు కూడా ఆ స్కూలు వదిలించుకుంటే ఆమె కొన్నదే. పన్నెండేళ్ళ చిన్న కారు, అన్నిటికంటే చవక రకం. ఎన్ని వందలమంది క్లచ్ తొక్కడం దీని మీద నేర్చుకున్నారో, దీన్ని ఎన్ని గోడలకు రాసుకున్నారో. వెనక అద్దం మీద ఎర్రటి ఎల్ అక్షరం పీకేసినా దాని మచ్చ పోలేదు. ట్రాక్ మీద పెద్ద కార్లవాళ్ళు దాన్ని చూసి నవ్వుతారు. పొడవాటి మలుపు దగ్గర వాళ్ళ నవ్వు నిజమే అవుతుంది కూడా, ఎందుకంటే అక్కడ ఈ కారు బయటి వైపుకు సోలిపోయి, లోపలి వెనక చక్రం కుక్క కాలెత్తినట్టు ఎత్తేస్తుంది. ఆ సోలడం మాన్పించడానికే నాలుగు నెలలుగా మామా మేనకోడళ్ళ తిప్పలు. గట్టి స్ప్రింగులు, ఎత్తు సవరించుకునే షాక్ అబ్జార్బర్లు, వెనక లావుపాటి కడ్డీ, అన్నీ ఈ వారమే బిగించారు. ఇక మిగిలింది తూకం.

"మామయ్యా, నీళ్ళ గొట్టం ఆ చివర పట్టుకో."

పట్టుకున్నాడు. పారదర్శకమైన గొట్టంలో నీటిమట్టం చూసుకుంటూ ఆమె నాలుగు తూకపు పలకలూ నేలమీద సమంగా పరిచింది. ఎక్కడ ఒక వెంట్రుక మందం తేడా ఉన్నా పలక కింద రేకు ముక్క పెట్టింది. కారును వాటి మీదికి తోసింది. తోయడానికి అతను చెయ్యి వేసినట్టే వేసి, బరువు మాత్రం ఆమె మీదే వదిలేశాడు. అది ఆమె గమనించలేదు, లేదా వయసు కదా అనుకుంది.

తూకం బండిది కాదు, మనిషితో ఉన్న బండిది. డ్రైవరు సీట్లో డ్రైవరంత మనిషి కూర్చోవాలి. నాలుగు చక్రాల మీద ఎంతెంత పడుతోందో అంకెల పెట్టె చూపిస్తుంది. స్ప్రింగు కింది మర రింగును అటో ఇటో తిప్పుతూ, ఐమూలగా ఎదురెదురు మూలల మొత్తాలు సమానమయ్యేదాకా సవరించాలి. అది కుదిరితే కారు ఎడమ మలుపులోనూ కుడి మలుపులోనూ ఒకేలా నడుచుకుంటుంది. ఇదివరకు ఆమె కూర్చునేది, అతను చక్రాల దగ్గర పడుకుని తిప్పేవాడు. రెండేళ్ళుగా అతని మోకాళ్ళు మొరాయించడంతో పనులు మార్చుకున్నారు. ఎవరు కూర్చున్నా లెక్క తప్పదు. ఇద్దరూ అరవైనాలుగు కిలోలే. మేనమామ పోలిక ముక్కుకో కంటికో వస్తుంది గానీ బరువుకు రావడం మనింట్లోనే అని ఆమె అంటుంటుంది. అదీగాక కదలకుండా కూర్చోవడంలో అతన్ని మించినవాడు లేడు. మనిషి కదిలితే అంకెలూ కదులుతాయి. ఇతను కూర్చుంటే మాత్రం చివరి అంకె ఊపిరికి కాస్త అల్లాడడమే తప్ప మిగతావి రాళ్ళలా ఉంటాయి.

సీట్లోకి దిగాడు. చేతులు స్టీరింగు మీద పెట్టుకున్నాడు. వదులు చొక్కా పైన వేసుకున్న పని తొడుగు జేబులో డాక్టరు చీటీ గరగరమంది. మంగళవారం నాటిది. గుండె కండరం నీరసించిందని, అదే ఒంటిని తినేస్తోందని, ఆరోజే ఆసుపత్రిలో చేరిపొమ్మని డాక్టరు చెప్పాడు. సోమవారం చేరతానని ఇతను బేరమాడాడు. ఆదివారం ఆ పొడవాటి మలుపు దగ్గర గోడకు ఆనుకుని నిలబడి, ఈ కారు తల వంచకుండా తిరగడం ఒక్కసారి చూడాలి. ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి గుంతల కోసం కాకుండా, ఒక మలుపు కోసం స్ప్రింగులు ఎంచి వేశాడు. చెబితే దీనికి కాళ్ళూ చేతులూ ఆడవు, రేపన్నది ఉండదు. అందుకే చెప్పలేదు.

"ఏడువందల తొంభై ఐదా?" అంది మేనకోడలు అంకెల పెట్టె చూసి. పాత పుస్తకం తిప్పింది. "పోయినసారి ఎనిమిదివందల ఆరు కదా."

అతను ముందద్దంలోంచి గోడ వైపు చూశాడు.

"పెట్రోలు పది లీటర్లే పోశాను, ఎప్పటిలాగే. కొత్త సామాన్లన్నీ కలిపి పాతవాటంతే తూగాయి. నువ్వొకసారి దిగు."

దిగాడు. ఆమె కారును వెనక్కి తోసి, ఒక్కొక్క పలక మీదా తను నిలబడి చూసుకుంది. అరవైనాలుగు, అరవైనాలుగు, అరవైనాలుగు, అరవైనాలుగు. పలకలు తప్పు చెప్పడం లేదు. తీగల కొసలు విప్పి గుడ్డతో తుడిచింది. నీళ్ళ గొట్టం మళ్ళీ పరిచింది. కారును మళ్ళీ ఎక్కించింది, అతన్ని మళ్ళీ కూర్చోబెట్టింది. మళ్ళీ ఏడువందల తొంభై ఐదు. ఆమె డిక్కీ తెరిచి వెతికింది, సీట్ల కింద తడిమింది. ప్రపంచంలో దేన్నయినా అనుమానించింది గానీ మామయ్యను అనుమానించాలని తోచలేదు. షెడ్డు గోడలు కుంగాయేమోనని అయినా అనుకుంటుంది, మామయ్య తగ్గాడని అనుకోదు.

అతను అలాగే కూర్చుని ఆమె పడే పాట్లు చూస్తున్నాడు. గంట గడిచింది. చూస్తున్న కొద్దీ సిగ్గేసింది. ఇంకొకరి బండిలో తప్పు దాచిపెట్టి పంపిన పాపాన ఎన్నడూ పోలేదు. ఇప్పుడు తప్పు తానే అయి సీట్లో కూర్చున్నాడు.

"పోనీలే," అంది ఆమె చివరికి, చెమట తుడుచుకుని. "ఉన్నదాన్ని బట్టే సరిచేసేద్దాం. వెలుగుండగా కానిచ్చేయాలి." స్పానరు తీసుకుని చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది.

ఆ తేడాతో కారు పల్టీ కొట్టదు. ఇంకెవరి కారైనా ఊరుకునేవాడేమో. కానీ రేపు ఆ మలుపులో దీని చేతికింద కారు ఒక పక్క బిగుసుకుని, ఇంకో పక్క వదిలేస్తే, అది తన చేతకానితనమనుకుంటుందే తప్ప మామయ్య అబద్ధమనుకోదు.

"ఆగమ్మా," అన్నాడు. "పలకలు కాదు. నేనే."

"నువ్వేంటి?"

"నేనే తగ్గాను. కాస్త."

ఆమె లేచి తలుపు దగ్గరికి వచ్చింది. మొహంలోకి చూసింది. రోజూ చూసే మొహమే, అందుకే ఇన్నాళ్ళూ కనబడలేదు. "కాస్తంటే ఎంత?"

అతను జేబులోంచి చీటీ తీసి ఇచ్చాడు. ఆమె చదివింది, మళ్ళీ చదివింది.

"ఇది మంగళవారంది."

"సోమవారం చేరతానన్నాను."

"లే. పద. ఆటో పిలుస్తాను."

"వెళ్దాం. కాదనను. ఈ నాలుగు మూలలూ కుదిర్చి వెళ్దాం. అరగంట పని. ఆ తర్వాత నువ్వెక్కడికి తీసుకెళ్తే అక్కడికొస్తాను."

"నీకేమైనా పిచ్చా మామయ్యా?"

"నిన్నెప్పుడైనా ఏమైనా అడిగానా?"

అడగలేదు. అదే వచ్చింది చిక్కు. పాతికేళ్ళలో కనీసం మంచినీళ్ళు తెచ్చిపెట్టమని కూడా అడగని మనిషి ఒకటి అడిగితే కాదనడం ఆమెకు చేతకాలేదు. పెదవి కొరుక్కుని, అరగంటంటే అరగంటే అంది.

నూనె ఒలికితే చల్లడానికి మూలన ఇసుక తొట్టి ఉంది. ఒక గోనె సంచి దులిపి, అతని ఒళ్ళో నోరు తెరిచి పెట్టింది. గ్రీజు డబ్బాతో ఇసుక తెచ్చి పోసింది. డబ్బా నిండా పడితే ఒక కిలో. అంకెల పెట్టె ఏడువందల తొంభై ఆరుకు వచ్చింది. రెండోది పోసింది, మూడోది పోసింది. ఇక్కడితో అయిపోతుందనుకుంది. నాలుగోది పోసి పెట్టె వైపు చూసింది. ఐదోది పోసింది. ఆరోదానికి ఏడుపు వచ్చింది గానీ ఆపలేదు, తొట్టికీ కారుకీ మధ్య తిరుగుతూనే ఉంది. ఏడు, ఎనిమిది. అతను సంచి అంచులు పట్టుకుని, తనలోంచి ఎటో పోయిందంతా ఒక్కొక్క డబ్బాగా ఒళ్ళోకి రావడం చూస్తూ కూర్చున్నాడు. తొమ్మిది. పది.

"ఇంకా?" అంది, ఖాళీ డబ్బా పట్టుకుని.

"ఇంకొకటి," అన్నాడు తప్పు ఒప్పుకున్న పిల్లాడిలా.

పదకొండోది పడ్డాక ఎనిమిదివందల ఆరు వచ్చింది.

ఆమె కన్నీళ్ళు మోచేత్తో తుడుచుకుని చక్రాల దగ్గరికి వెళ్ళింది. ఎదురెదురు మూలలు ఒక జత మూడువందల తొంభై ఎనిమిది, ఇంకో జత నాలుగువందల ఎనిమిది. వెనక కుడి పక్క స్ప్రింగు కింది రింగును పైకి తిప్పడం మొదలుపెట్టింది. తిప్పుతూ తిడుతూనే ఉంది. ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావని, రేపటినుంచి మా ఇంట్లోనే ఉండాలని, నీ గదికి తాళం వేసి ఆ తాళంచెవి బావిలో పారేస్తానని. అతను వింటున్నాడు. ఇంత తియ్యగా ఎవరు తిడతారు అనిపించింది.

"ఎంతొచ్చింది?" అన్నాడు.

"నాలుగువందల ఒకటి."

"ఇంకో పావు చుట్టు. అంతకుమించొద్దు."

తిడుతూనే పావు చుట్టు తిప్పింది. లేచి కారు వెనక భాగాన్ని రెండుసార్లు ఊపి, స్ప్రింగులను సర్దుకోనిచ్చింది. మళ్ళీ పెట్టె ముందు కూర్చుంది. అంకెలు కాసేపు అల్లాడాయి, నెమ్మదించాయి, నిలబడ్డాయి. ఎప్పుడూ ఊపిరికి అటూ ఇటూ ఆడే చివరి అంకె కూడా ఈసారి నిలబడిపోయింది. ఇంత నిలకడగా ఎన్నడూ రాలేదు. మామయ్య తన కోసం ఎంత జాగ్రత్తగా కూర్చున్నాడో అనుకుని ఆమె తొందరగా పుస్తకంలో రాసుకుంది. ముందు ఎడమ రెండువందల నలభై, ముందు కుడి రెండువందల నలభై ఆరు. వెనక ఎడమ నూట యాభై ఏడు, వెనక కుడి నూట అరవై మూడు. కూడింది. నాలుగువందల మూడు, నాలుగువందల మూడు. గ్రాము తేడా లేదు.

"కుదిరింది మామయ్యా. ఇక దిగు, పోదాం."

అతను దిగలేదు. సంచి చుట్టూ రెండు చేతులూ వేసి, నిద్రపోతున్న చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని, ముందద్దంలోంచి చూస్తున్నాడు. ఆమె రెండోసారి పిలిచింది. మూడోసారి పిలవలేదు. తలుపు పట్టుకుని నిలబడి, ప్రాణం పోయినది ఏ అంకె దగ్గరో, నాలుగువందల ఒకటికా, మూడుకా అని, ఆ సమయంలో తేల్చుకోవలసింది అదే అన్నట్టు, పదేపదే వెనక్కి లెక్కపెట్టుకుంది. తను తిట్టిన ఏ మాట దాకా విన్నాడో తెలిస్తే చాలనిపించింది.

ఆమె పిలిచిన అంబులెన్సులో ఇద్దరు మనుషులు వచ్చారు. ఒకతను అతని చేతులు మెల్లగా విడదీసి, ఒళ్ళోని సంచిని ఎత్తి కారు పక్కన నేలమీద పెట్టాడు. మనిషిని బయటికి తీశాక, కాళ్ళకు అడ్డం కాకూడదని దాన్ని మళ్ళీ ఖాళీ అయిన ఆ సీట్లోనే పెట్టాడు. వాళ్ళు పెద్దగా కష్టపడలేదు. తేలిగ్గా ఉన్నాడని ఒకతను ఇంకొకతనితో అన్నాడు. ఆమె వాళ్ళ వెంటే బండి ఎక్కింది. షెడ్డు తలుపు వేయాలని ఎవరికీ గుర్తు రాలేదు.

కిటికీలోంచి సాయంకాలపు ఎండ కారు మీదికి వచ్చింది. అంకెల పెట్టె ఇంకా వెలుగుతూనే ఉంది. ఏడువందల యాభై మూడు. అందులో కారుది ఏడువందల నలభై రెండు. అతనిలోంచి నెలల తరబడి కొంచెం కొంచెంగా పోయిన ఆ పదకొండు కిలోలు, నోరు కట్టని గోనె సంచిలో, డ్రైవరు సీట్లో కూర్చుని ఉన్నాయి.