ఆకుపచ్చ ప్యాకెట్ కింది మెషిన్

షిన్‌చూ ఊళ్లో గాలి కిటికీలను పట్టుకుని ఊపడం వార్త కాదు. జర్మనీ నుంచి ఇంజినీర్ పేయింగ్ పేరు మీద ఉత్తరం రావడం వార్త.

ఎక్‌హోఫ్ అనే ఆయన పేయింగ్ పనిచేసే కంపెనీ వైఫై రౌటర్ కొన్నాడు. అందులో నడిచేది సగానికి పైగా ఎవరెవరో ప్రోగ్రామర్లు లోకానికి ఊరికే పంచిన కోడ్. దాని లైసెన్సులో షరతు ఒక్కటే: వాడుకోండి, అమ్ముకోండి, కొన్నవాడు అడిగితే మాత్రం సోర్స్ కోడ్ మొత్తం చేతిలో పెట్టండి. ఆయన అడిగాడు. పద్నాలుగు రోజుల్లో రాకపోతే కోర్టే అన్నాడు. రౌటర్ పెట్టెలో దొరికిన హామీ పత్రం నకలు కూడా జతచేశాడు. ‘అడిగితే ఇస్తాం’ అన్న మాట కింద, సంతకానికి బదులు, ఎర్రగా పేయింగ్ పేరున్న ముద్ర.

ఆ పత్రాన్ని ఆమె ఎప్పుడూ చూడలేదు. అందరి ముద్రల్లాగే ఆమెదీ ఆఫీసు కాగితాలు చూసే హోంగ్ అక్క సొరుగులో ఉంటుంది. ఉద్యోగంలో చేరిన రోజే ఇచ్చేసింది. ఎక్కడ పడాలంటే అక్కడ హోంగ్ అక్క కొట్టేస్తుంది. దాన్ని వింతగా చూసేవాళ్లు ఆ ఆఫీసులో లేరు.

ఆ సోర్స్ కోసం మూడు రోజులు ఆఫీసు సర్వర్ దులిపింది పేయింగ్. చిప్ కంపెనీ ఇచ్చిన కోడ్ ముక్క దొరికింది. వైఫై ముక్క షెన్‌జెన్‌లోని ఇంకో కంపెనీది. అడిగితే ఆ టీమే ఇప్పుడు లేదన్నారు. ఏది ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కరూ రాసి పెట్టలేదు. ప్రతివాడూ పక్కవాడు దాచి ఉంటాడనుకున్నాడు. ఉన్నవన్నీ కలిపి బిల్డ్ చేస్తే రౌటర్‌లో నడిచే సాఫ్ట్‌వేర్ కాదు కదా, అసలేదీ తయారు కాలేదు.

పోయిన ఏడాది రిటైరైన థాంగ్ అన్నకి ఫోన్ చేసింది. రౌటర్ సాఫ్ట్‌వేర్ ఆయన చేతి పనే.

“నా బల్ల కింద మెషిన్లోనే ఉండాలమ్మా,” అన్నాడు. “దాని మీద ప్యాకెట్ మారుస్తున్నారు కదా?”

ఇంకేమీ అడగనివ్వకుండా ఫోన్ పెట్టేశాడు.

మారుస్తున్నారు. ‘బుద్ధిగా ఉండు’ అనే అర్థమున్న ఆకుపచ్చ క్వాయ్ క్వాయ్ చిప్స్ ప్యాకెట్ నెత్తిన ఉన్నంతకాలం మెషిన్ బుద్ధిగా నడుస్తుందని అక్కడ అందరి నమ్మకం. డేటు దాటకముందే హోంగ్ అక్క కొత్తది పెడుతోంది, ఆరేళ్లుగా. బుద్ధిగా ఉన్నదాన్ని కెలకడమెందుకని ఎవరూ కాపీ కూడా తీయలేదు.

పేయింగ్ ప్యాకెట్‌ను రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టి, మానిటర్ తగిలించింది. తెర నల్లగానే ఉంది. డిస్క్ ఊడదీసి తన మెషిన్‌కు పెట్టింది. లోపల టక్, టక్ మని చప్పుడు, అంతే. అది చచ్చి ఎన్నేళ్లయిందో. ఇన్నాళ్లూ అందరూ విన్న రొద ఫ్యాన్‌ది.

మరి మూడేళ్లుగా జనానికి పంపిన అప్‌డేట్లు? అన్నీ పక్కపక్కన పెట్టి చూసింది. పాత ఫైలే, వెర్షన్ నంబరు మాత్రం కొత్తది.

సోర్స్ లేదని ఎక్‌హోఫ్‌కు నిజం చెప్పి, అమ్మకాలు ఆపుదామని మేనేజర్ కో దగ్గరికెళ్లి అంది. కో నింపాదిగా టీ పోసుకున్నాడు. సర్వర్‌లో ఉన్నదంతా మూటగట్టి పంపమన్నాడు, పూర్తి సోర్స్ ఇదేనని ఓ కాగితం జతచేసి.

“అది బిల్డ్ అవదు సార్.”

“ఎవడు చేసి చూస్తాడమ్మా? హక్కుంది కదా అని అడుగుతారు. ఇచ్చాక ఏ మూలో పడేస్తారు.”

“చేసి చూస్తానని రాశాడు సార్. ఆఖరి లైను.”

కో ఉత్తరం వైపు చూడలేదు.

“దాని కింద నా పేరు పెట్టను,” అంది పేయింగ్.

“నిన్నెవరు పెట్టమన్నారు? వెళ్లి భోంచెయ్, సూప్ చల్లారిపోతుంది.”

ఆమె తిరిగొచ్చేసరికి హోంగ్ అక్క బల్ల మీద కొరియర్ రసీదు ఉంది.

“కో సార్ అర్జెంటన్నారు, నీ ముద్ర కొట్టేశా,” అంది హోంగ్ అక్క తలెత్తకుండా.

పేయింగ్ సొరుగు లాగింది. అందరి ముద్రల మధ్య ఆమెదీ దాని చోట్లోనే ఉంది. పట్టుకుంటే వేలికి ఎరుపంటింది.

“ఇది నేను తీసుకుంటా అక్కా.”

“ఇప్పుడెందుకే? పార్సెల్ వెళ్లిపోయిందిగా.”

ఐదో రోజు ఎక్‌హోఫ్ నుంచి మెయిల్ వచ్చింది. కంపెనీకి కాదు, ఆమె ఒక్కదానికే. ‘అందింది. మీ సంతకం మీద నమ్మకంతో ఈరోజే బిల్డ్ మొదలుపెడుతున్నాను.’

వెనకాల హోంగ్ అక్క వంగి, డిస్క్ లేని మెషిన్ మీద కొత్త ప్యాకెట్ పెడుతోంది. ఫ్యాన్ బుద్ధిగా తిరుగుతోంది.