కోటుకు వేసిన కుర్చీ

కోటు గుండీలు పట్టడం లేదు. పద్దెనిమిదేళ్ల కిందటి పటాలం కోటు. రంగప్ప ఊపిరి బిగబట్టి నిలుచుంటే, ఊరి నాయకర్ గోపాలసామి తన చేత్తో కింది గుండీ లాగి పెట్టాడు.

"కడుపు లోపలికి పీల్చు అల్లుడా. విరుదునగరం హోటలు సోరు ఒంటికి బాగా పట్టుండాది."

బండి దగ్గరున్న నలుగురూ నవ్వారు. రంగప్ప నవ్వలేదు.

లండనులో కొత్త రాజుకు పట్టాభిషేకం. ఆ సంబరానికి కోవిల్‌పట్టి తాలూకా కచేరీ ముందు పందిరి వేశారు. యుద్ధంలో పతకం వచ్చిన వాళ్లకు అందులో కుర్చీలట. చుట్టుపక్కల తమ కంబళం కులపు ఊళ్లు పదకొండు. పతకం ఉన్నవాడు రంగప్ప ఒక్కడే. పొద్దు నడినెత్తికెక్కే లోపు చేరాలి. ఇంటి దగ్గర తొడుక్కోవలసిన కోటు ఊరి చివర తొడుక్కుంటానని పట్టుబట్టింది అతనే. అక్కడికైతే గుడిసె కనబడుతుంది.

నల్లరేగడి చేల మొదట్లో ఉంది ఆ ముట్టు గుడిసె. నెలసరికైనా పురిటికైనా ఊరి ఆడవాళ్లు అక్కడికే పోవాలి. చుట్టూ సున్నం కొట్టిన రాళ్ల వరుస. ఆ రాళ్లు మగవాడు దాటకూడదు. అతని కూతురు చిన్నతాయి నిన్న పొద్దుటి నుంచి అందులో నొప్పులు పడుతోంది. తొలి కాన్పు.

రాళ్ల దాకా పరుగెత్తుకొచ్చి ఆగింది అతని అక్క నాగమ్మాళ్. మోచేతుల దాకా ఎరుపు.

"తమ్ముడా! ఆడపిల్ల! మాయ కూడా పడిండాది. రగతం మాత్రం నిలవలేదు. గుడ్డలు చాలలేదు!"

"రగతం పోకుండా ఏ కానుపు అయిండాది?" అన్నాడు గోపాలసామి. "లోపల మంత్రసాని ఉండాది కదా. అది ఆడోళ్ల పని. ఎక్కు అల్లుడా, సీక్రం."

ఈ మాట రంగప్ప ఇదివరకు విన్నాడు. ఇక్కడే. ఇతని నోటనే.

పదిహేడేళ్ల కిందట ఆ గుడిసెలో ఉన్నది అతని భార్య వేలమ్మాళ్. పుట్టింది ఈ చిన్నతాయే. రంగప్ప మెసపొటేమియా యుద్ధం నుంచి వచ్చి అప్పటికి ఏడాది. అక్కడ అతను గాయపడ్డవాళ్లను మోసే దళంలో ఉండేవాడు. నది ఒడ్డున ఒక పంజాబీ సిపాయికి తొడలో నరం తెగితే, గాయంలో బొటనవేలు పెట్టి మధ్యాహ్నం నుంచి పడవ వచ్చేదాకా తియ్యలేదు. పైన గుళ్లు పోతూనే ఉన్నాయి. ఆ వేలికి వచ్చింది వెండి పతకం. ఊరికొచ్చాక, సముద్రం దాటి కంటబడ్డవాడి రక్తమల్లా ముట్టుకున్నాడని, పెద్దలు బంగారు తీగ కాల్చి నాలుక మీద చురక పెట్టి కులంలో కలుపుకున్నారు. పతకానికి మాత్రం ఏ చురకా పెట్టలేదు.

ఆ మరుసటి ఏడే వేలమ్మాళ్ పురుడు. అదే బొటనవేలు వేసుకుని ఈ రాళ్లకు ఇవతల నిలబడ్డాడు. గుడిసెలోంచి కేకలు వచ్చినంతసేపూ నిలబడ్డాడు. కేకలు ఆగాక కూర్చున్నాడు.

తర్వాత విరుదునగరం పోయి, ఒక పత్తి జిన్నింగు మిల్లులో యంత్రాల్లో నలిగిన చేతులకు కట్లు కట్టే పనిలో చేరాడు. నెలకు పన్నెండు రూపాయలు. అక్కడి ఆడ డాక్టరును ఒకసారి అడిగాడు, రక్తం ఆగక పోయిన తన భార్యకు ఏం చేసి ఉండవలసిందని. ఆమె దుప్పటి చుట్ట మీద పిడికిలి ఆన్చి చూపించింది. మందు అక్కర్లేదు, కత్తి అక్కర్లేదు, చాలాసార్లు చెయ్యి చాలు అంది. అది వినకుండా ఉంటే బాగుండేదని అతను చాలా ఏళ్లు అనుకున్నాడు.

ఈసారి చిన్నతాయిని విరుదునగరం ఆస్పత్రికి తీసుకుపోతానన్నాడు. ఎవరెవరో తిరిగే చోట పుట్టిన బిడ్డ కంబళం బిడ్డ కాదన్నాడు గోపాలసామి. రంగప్ప మళ్లీ తల వంచాడు. తుపాకీ గుళ్లకు వంచని తల.

"అక్కా, పొత్తికడుపు గట్టిగా ఉండాదా, మెత్తగా ఉండాదా?"

"మెత్తగా, నానిన పత్తి మాదిరి."

రంగప్ప రాళ్ల వైపు నడిచాడు. గోపాలసామి వెంటబడి కోటు చెయ్యి పట్టుకున్నాడు.

"ఏమిరా! కన్న నాయన చూసే చోటా అది? జక్కమ్మ తల్లి కండ్లు తీస్తాది!"

"తీయనీ మామా. ఈ పనికి కండ్లు వొద్దు. చెయ్యి చాలు."

"ఈ రాళ్లు దాటితే మళ్లీ ఊళ్లోకి రాలేవు!"

"పదిహేడేండ్ల ముందే దాటుండాలి."

అతను ఆగడని గోపాలసామికి అర్థమైంది. గొంతు మారింది.

"సరే, చచ్చేది చావు. ఆ పతకమన్నా ఇచ్చిపో. రాజు మొగం ఉండాది దానిమీద. ముట్టు తగిలితే సబకు పనికిరాదు."

రంగప్ప నిలిచాడు. పొద్దున్నుంచి మొదటిసారి నవ్వాడు. పతకం గుచ్చి ఉన్న కోటును ఒక్క గుంజు గుంజేసరికి కింది గుండీ తెగి మట్టిలో పడింది.

"ఇంద మామా. కుర్చీ దీనికే కదా వేసిండేది. దీన్నే తీసకపోయి కూచోబెట్టు."

రాళ్లు దాటాడు.

లోపల చీకటి, పచ్చి నెత్తురు వాసన. మంత్రసాని మారియమ్మాళ్ మగవాణ్ణి చూసి గోడవైపు తిరిగింది. చిన్నతాయి పెదవులు సున్నంలా ఉన్నాయి. అంత నీరసంలోనూ చీర కిందికి లాక్కోబోయింది.

"నువ్వు రాకూడదు నాయనా..."

"సిగ్గు బతికినాక పడు తల్లీ."

బొడ్డు కింద అరచెయ్యి ఆన్చి గట్టిగా నలిపాడు. మెత్తగా ఉన్నది మెల్లిగా ముద్దకట్టి, టెంకాయలా చేతికి తగిలింది. "బిడ్డను రొమ్ముకు పట్టీండి," అన్నాడు. మారియమ్మాళ్ కదల్లేదు. నాగమ్మాళ్ వచ్చి పట్టించింది. కొంతసేపటికి చెయ్యి ఎత్తి చూశాడు. ముద్ద కరిగింది. వెచ్చటి నెత్తురు అతని మోకాళ్లు తడిపింది. మళ్లీ పిడికిలి ఆన్చి తన బరువంతా వేశాడు.

బయట గోపాలసామి తన కొడుకును పిలవడం వినిపించింది.

"చెల్లసామీ, నీకు సరిపోతాదేమో తొడుగు."

"కింది గుండీ లేదు నాయనా."

"చెయ్యి అడ్డం పెట్టుకో. ఎవడేమి అడిగినా నోరు తెరవబాక. ఎక్కు, పొద్దు పోతాంది."

ఎద్దుల మెడగంటలు కదిలాయి. చిన్నతాయి రెప్పలు వాలుతున్నాయి.

"కండ్లు మూయబాక తల్లీ. పాపకు ఏమి పేరు పెడదాము, చెప్పు."

ఆమె చెప్పలేదు.

గంటల చప్పుడు కోవిల్‌పట్టి బాటలో దూరమై, వినిపించకుండా పోయింది. పిడికిలి కింద కడుపు గట్టిపడిందో, తన చెయ్యే మొద్దుబారిందో రంగప్పకు తెలియలేదు. తీసి చూస్తే తెలుస్తుంది. అతను తియ్యలేదు.